బిడ్డ మూత్రపిండంలో రాయి: కోత లేని వైద్యం, అడిగి పొందవలసిన హక్కు

(పిల్లల ఆరోగ్య హక్కులపై నాంపల్లిలో జరిగిన సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీల హక్కుల సభ అనగానే రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, స్కాలర్‌షిప్పులు, ఉర్దూ చదువు గురించి వినడానికి మనం అలవాటుపడ్డాం. వాటి పక్కన నేనీరోజు ఎంచుకున్న విషయం మరీ చిన్నదిగా తోచవచ్చు. నిజానికి అది పరిమాణంలో చిన్నదే: కందిగింజంతో శనగగింజంతో ఉండే రాయి. కానీ అది ఒక బిడ్డ మూత్రపిండంలో చేరి, మూత్రం దిగే దారికి అడ్డుపడి, సకాలంలో ఎవరూ గమనించకపోతే ఆ మూత్రపిండాన్ని శాశ్వతంగా నిరుపయోగం చేయగలదు. ఇంత నష్టాన్ని దాదాపు కోత లేకుండా నివారించే వైద్యం నేడు ఉంది. ఆ వైద్యం ఉన్న సంగతి, దాన్ని అడిగే హక్కు తమకున్న సంగతి తెలియక కొన్ని కుటుంబాలు ఆలస్యం చేస్తున్నాయి. నేను చెప్పదలచినదంతా ఈ రెండు సంగతుల గురించే.

పిల్లలకు కూడా రాళ్లు వస్తాయి

మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం వంటి లవణాలు కరిగి ఉంటాయి. నీరు తగ్గి లవణాలు పెరిగినప్పుడు అవి స్ఫటికాలుగా పేరుకుని రాయిగా గట్టిపడతాయి. మూత్రానికి పదేపదే ఇన్‌ఫెక్షన్ సోకినా, మూత్రమార్గంలో పుట్టుకతో ఇరుకు ఉండి మూత్రం నిలిచిపోయినా రాళ్లు ఏర్పడవచ్చు. ఎండలు మండే దక్కన్ పీఠభూమిలో, దాహమైనా నీళ్లు తాగకుండా ఆటల్లో పడిపోయే పిల్లల్లో మొదటి పరిస్థితి ఏర్పడటం సులభం.

పెద్దవారికి నడుము దగ్గర మొదలై గజ్జల వైపు దిగే నొప్పి రాయిని పట్టిస్తుంది. పిల్లలు అలా చెప్పలేరు. కడుపంతా నొప్పి అంటారు, వాంతి చేసుకుంటారు. మూత్రం పోసేటప్పుడు ఏడుస్తారు. మూత్రం ఎర్రగానో, టీ డికాక్షన్ రంగులోనో వస్తుంది. కొందరిలో నొప్పే ఉండదు. మాటిమాటికీ జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాత్రమే కనిపిస్తాయి. కడుపునొప్పికి నులిపురుగుల మందు, జ్వరానికి సిరప్పు ఇచ్చి పంపేస్తే నెలలు గడిచిపోతాయి. ఇటువంటి లక్షణాలు తిరిగి తిరిగి వచ్చే బిడ్డకు మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించడం కనీస అవసరం. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు, నొప్పి ఉండదు. సీటీ స్కాన్‌తో మరింత స్పష్టత వచ్చినా, పెరిగే వయసులోని శరీరానికి రేడియేషన్ తగలడం మంచిది కాదు కనుక పిల్లల్లో దాన్ని నిజంగా అవసరమైనప్పుడే, అదీ తక్కువ మోతాదులోనే చేయాలి. "సీటీ స్కాన్ తప్పనిసరా?" అని వైద్యుణ్ణి అడగడం అమర్యాద కాదు.

కత్తి నుంచి సూది దాకా

ఆపరేషన్ అన్న మాట వినగానే మన ఇళ్లలో పొట్ట నిలువునా కోయడం కళ్లముందు మెదులుతుంది. ఆ భయానికి చరిత్ర ఉంది. రాయిని తీయడం మానవజాతి ఎరిగిన అతి పురాతన శస్త్రచికిత్సల్లో ఒకటి. మన దేశంలో సుశ్రుతుడు మూత్రాశయంలోని రాయిని తీసే పద్ధతిని వివరించాడు. వెయ్యేళ్ల కిందట స్పెయిన్‌లోని కర్డోబాకు చెందిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో, మూత్రమార్గంలో ఇరుక్కున్న రాయిని సన్నని పరికరంతో తొలిచి పొడి చేసే విధానాన్ని చెప్పాడు. శరీరాన్ని కోయకుండా, సహజమైన దారిలోనే లోపలికి వెళ్లి రాయిని పగలగొట్టవచ్చుననే ఆలోచన అంత పాతది. దానికి అప్పట్లో లేనివి రెండు: లోపల వెలుతురు, నొప్పి తెలియనివ్వని మత్తు.

మత్తు సంగతి వచ్చింది కనుక మన నగరం గురించి ఒక మాట. 1888లో, 1889లో ఇదే హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. మత్తు ఇచ్చేటప్పుడు ప్రాణాపాయం ఎలా వస్తుందో తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చేపట్టిన ఆ పరిశోధనకు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయం చేశారు. ఆ కమిషన్ల నిర్ధారణల్లో కొన్నింటిని తర్వాతి శాస్త్రం సరిదిద్దింది. అయినా మత్తును భద్రంగా ఇవ్వడమెలా అనే ప్రశ్న ప్రపంచ వైద్యలోకం దృష్టిని ఒకప్పుడు ఈ ఊరివైపు తిప్పింది.

కోత లేని వైద్యం మన కాలంలో మూడు దారుల్లో ఎదిగింది.

మొదటిది, బయటి నుంచి తరంగాలను పంపి రాయిని పొడి చేయడం. 1980 ఫిబ్రవరిలో జర్మనీలోని మ్యూనిక్‌లో తొలిసారి ఒక రోగికి ఈ చికిత్స జరిగింది. దీన్ని లిథోట్రిప్సీ అంటారు. శరీరంపై గాటు కూడా పడదు. పొడి అయిన రాయి మూత్రంతో పాటు కొన్ని రోజుల్లో బయటకు వస్తుంది. పిల్లల మూత్రనాళం పొట్టిగా, సాగే గుణంతో ఉంటుంది కనుక ముక్కలు పెద్దవారిలో కంటే సులువుగా జారిపోతాయి. అందుకే రెండు సెంటీమీటర్లకు మించని రాళ్లలో అధిక భాగానికి పిల్లల్లో దీన్నే మొదట ఆలోచిస్తారు. అయితే చిన్నపిల్లలు కదలకుండా పడుకోలేరు కనుక మత్తు ఇవ్వవలసి వస్తుంది. ఒక్కొక్కసారి రెండు మూడు విడతలు అవసరమవుతాయి.

రెండవది, మూత్రం వచ్చే దారిలోనే సన్నని దుర్భిణి గొట్టాన్ని పైకి పంపి, లేజర్‌తో రాయిని పొడి చేయడం. నాళంలో ఇరుక్కున్న రాయికి దీన్ని యూరెటెరోస్కోపీ అంటారు. వంగే గొట్టంతో మూత్రపిండం లోపలి మూలల దాకా వెళ్లినప్పుడు ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు. ఇందులో కూడా చర్మంపై కోత ఉండదు.

మూడవది, వీపు వైపు నుంచి సూదితో మూత్రపిండంలోకి చిన్న దారి చేసి, ఆ రంధ్రం గుండా రాయిని పగలగొట్టి తీయడం. దీని పేరు పీసీఎన్‌ఎల్. స్వీడన్ వైద్యులు 1976లో దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. పెద్ద రాళ్లకు, జింక కొమ్ముల్లా లోపలంతా పరుచుకున్న రాళ్లకు ఇది ముఖ్యమైన మార్గం.

ఇవేవీ సరిపోని సందర్భాలు కొన్ని ఉన్నాయి. పుట్టుకతో మూత్రనాళం మొదట్లో ఇరుకు ఉన్న బిడ్డకు రాయిని తీయడంతో పాటు ఆ ఇరుకును కూడా సరిచేయాలి. దాన్ని లాపరోస్కోపీ ద్వారా చిన్న రంధ్రాలతో చేయవచ్చు. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్ అవసరమయ్యేది నేడు బహు కొద్దిమందికే.

చిన్న ఒంటికి చిన్న పరికరం

ఇక్కడే తల్లిదండ్రులు బాగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. బిడ్డ అంటే పొట్టిగా ఉన్న పెద్దమనిషి కాదు. పదికిలోల బిడ్డ శరీరంలో ఉండే రక్తం సుమారు 800 మిల్లీలీటర్లు. పెద్దవారిలో 200 మిల్లీలీటర్ల రక్తం పోతే శరీరం ఓర్చుకుంటుంది. ఆ బిడ్డలో అదే మొత్తం పోతే నాలుగో వంతు రక్తం పోయినట్టు. కనుక మూత్రపిండంలోకి చేసే దారి ఎంత సన్నగా ఉంటే అంత మేలు.

ఈ గొట్టాలను 'ఫ్రెంచ్' అనే కొలతతో లెక్కిస్తారు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. పెద్దవారికి వాడే మామూలు గొట్టం 24 ఫ్రెంచ్‌లు ఉంటే, అంటే 8 మిల్లీమీటర్లు. 1998లో అమెరికా వైద్యులు పసిపిల్లల కోసం 11 ఫ్రెంచ్‌ల గొట్టాన్ని వాడి చూపించారు, అంటే నాలుగు మిల్లీమీటర్లకు లోపే. 'మినీ పర్క్' అనే మాట అక్కడి నుంచే వచ్చింది. పిల్లల కోసం పుట్టిన ఆ పద్ధతి తర్వాత పెద్దలకు కూడా వ్యాపించింది. మన దేశం ఇందులో వెనుకబడి లేదు. గుజరాత్‌లోని నడియాద్‌లో డాక్టర్ మహేశ్ దేశాయ్ జర్మన్ వైద్యులతో కలిసి 2011లో, 5 ఫ్రెంచ్‌లకు లోపు ఉన్న సూదిలోంచే చూస్తూ, దానిలోంచే లేజర్‌ను పంపి రాయిని పొడి చేసే పద్ధతిని ప్రకటించారు. దాని మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే.

పరికరం ఒక్కటే చాలదు. రాయిని తీసేటప్పుడు లోపలికి పంపే సెలైన్‌ను వెచ్చగా ఉంచాలి, లేకపోతే పసివాడి ఒళ్లు చల్లబడిపోతుంది. ఎంత నీరు లోపలికి వెళ్లింది, ఎంత బయటకు వచ్చింది అన్న లెక్క ఉండాలి. ముందే మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపి, ఇన్‌ఫెక్షన్ ఉంటే దాన్ని తగ్గించిన తర్వాతే చికిత్స మొదలుపెట్టాలి. పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న వైద్యుడు ఉండాలి. రక్తస్రావం, జ్వరం, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకడం వంటి ప్రమాదాలు కోత లేని వైద్యంలో కూడా ఉన్నాయి. వాటిని దాచి "ఏమీ కాదు" అని చెప్పే వైద్యుని కంటే, వాటిని చెప్పి తాను ఏ జాగ్రత్త తీసుకుంటాడో వివరించే వైద్యుడు మేలు.

"పిల్లల కొలత పరికరాలు మీ దగ్గర ఉన్నాయా? పిల్లలకు మత్తు ఇచ్చే డాక్టరు ఉన్నారా?" ఈ రెండు ప్రశ్నలను ప్రతి తల్లీ ధైర్యంగా అడగాలి.

కొండపిండి ఆకు, ఉలవకట్టు, పొడులు

మన పల్లెల్లో రాయికి కొండపిండి ఆకు, ఉలవకట్టు, అరటి దూట రసం చెబుతారు. ఉలవలు మంచి ఆహారం, ఆ కట్టుతో కడుపులోకి నీరు కూడా వెళుతుంది. అంతవరకు అభ్యంతరం లేదు. నాలుగైదు మిల్లీమీటర్లలోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. ఆ ఘనత ఆ సమయానికి తాగుతున్న కషాయానికి దక్కుతుంది. కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు ఏ వైద్యంలోనూ లేదు. యూరిక్ ఆమ్లపు రాళ్లను మాత్రం తగిన మందుతో కరిగించవచ్చు. కాబట్టి రాయి ఏ రకమో తెలియకుండా, మూత్రనాళం మూసుకుని ఉందో లేదో చూడకుండా నెలల తరబడి పొడులు మింగించడం ప్రమాదం. మూసుకున్న నాళం వెనుక మూత్రపిండం ఉబ్బి, కొన్నాళ్లకు నొప్పి కూడా తగ్గిపోవచ్చు. "నొప్పి తగ్గింది, రాయి కరిగింది" అని ఇంటివాళ్లు సంతోషించే ఆ రోజుల్లోనే మూత్రపిండం చచ్చిపోతూ ఉండవచ్చు. రాయితో పాటు జ్వరం, చలి వస్తే అది అత్యవసర స్థితి. తెల్లవారే దాకా ఆగకూడదు.

రాయి ఎందుకు వచ్చింది?

పెద్దమనిషికి రాయి వస్తే నీళ్లు తక్కువ తాగాడనుకోవచ్చు. బిడ్డకు వస్తే కారణాన్ని వెతకడం తప్పనిసరి. ఎందుకంటే కారణం మిగిలితే రాయి తిరిగి వస్తుంది. పిల్లల ముందున్న ఆయుష్షు పొడవైనది. తీసిన రాయిని పారవేయకుండా పరీక్షకు పంపాలి. దానంతట అదే పడే అవకాశం ఉంటే మూత్రాన్ని శుభ్రమైన పల్చని గుడ్డలో వడగట్టి రాయిని భద్రపరచాలి. 24 గంటల మూత్రాన్ని, రక్తాన్ని పరీక్షించి కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, సిస్టీన్ ఎంత ఉన్నాయో చూడాలి.

కొన్ని రాళ్లు వంశపారంపర్యంగా వస్తాయి. సిస్టిన్యూరియా, ప్రైమరీ హైపరాక్సల్యూరియా అనే జబ్బులు అలాంటివి. సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు దోషమున్న జన్యువులు కలిసినప్పుడు ఇవి బయటపడతాయి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగితే ఇద్దరిలోనూ ఒకే దోషం ఉండే అవకాశం పెరుగుతుంది. దీన్ని ఒక మతానికి అంటగట్టి మాట్లాడటం వింటుంటాం. ముస్లిం కుటుంబాల్లో పినతండ్రి, పెదతండ్రి పిల్లల మధ్య సంబంధాలున్నట్టే, తెలుగునాట హిందూ కుటుంబాల్లో మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు తరతరాలుగా ఉన్నాయి. జన్యువు మతాన్ని అడగదు. సిగ్గుపడవలసినదీ లేదు, దాచవలసినదీ లేదు. వైద్యుడు అడిగినప్పుడు బంధుత్వాన్ని నిజంగా చెబితే పరీక్ష సరైన దారిలో సాగుతుంది. అటువంటి బిడ్డ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా ఒకసారి పరీక్ష చేయించాలి.

కారణం వంటింట్లో, బజారులో కూడా ఉండవచ్చు. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ కల్తీ చేసినందువల్ల దాదాపు మూడు లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. వారిలో ఎందరికో మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడ్డాయి. పిల్లల ఆహారంపై ప్రభుత్వ నిఘా తప్పితే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

ఆహారం విషయంలో ఒక అపోహను తొలగించాలి. రాయిలో కాల్షియం ఉందని విని చాలామంది బిడ్డకు పాలు, పెరుగు మానిపిస్తారు. అది తప్పు. ఆహారంలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టి ఆపుతుంది. పాలు మానిస్తే ఎముకలు బలహీనపడతాయి, రాయి ముప్పు కూడా తగ్గదు. తగ్గించవలసింది ఉప్పు: చిప్స్, పచ్చళ్లు, ప్యాకెట్ తినుబండారాలు. ఉప్పు పెరిగితే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా వస్తుంది. తీయని శీతల పానీయాల బదులు నీళ్లు, ఉప్పు వేయని నిమ్మకాయ నీళ్లు మంచివి. బిడ్డ మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే నీళ్లు చాలినట్టు, ముదురు పసుపులో ఉంటే చాలనట్టు. ఈ లెక్క ఏ తల్లికైనా తెలుస్తుంది.

రంజాన్ ఎండాకాలంలో వచ్చినప్పుడు పెద్దలను చూసి పిల్లలు రోజా ఉంటామని ముచ్చటపడతారు. యుక్తవయసు రాని పిల్లలపై రోజా విధి కాదు. జబ్బుపడినవారికి ధర్మమే మినహాయింపునిచ్చింది. ఒకసారి రాయి వచ్చిన బిడ్డ వైద్యుణ్ణి అడగకుండా రోజా ఉండకూడదు. ఈ మాట ఇమాములు చెబితే, నేను చెప్పిన దానికంటే ఎక్కువ మంది వింటారు.

హక్కు అంటే ఏమిటి?

ఇప్పుడు ఈ సభ జరుగుతున్న చోటును చూడండి. ఇక్కడి నుంచి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆస్పత్రి దగ్గరే. ఏడవ నిజాం కోడలు నీలోఫర్ పేరుతో 1953లో తల్లులకు, పిల్లలకు ఆ ఆస్పత్రి వెలసింది. ప్రసవంలో తన పరిచారిక మరణించడం ఆమెను కదిలించి ఆ ఆస్పత్రికి కారణమయ్యింది. అక్కడ పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉంది. ఆబిడ్స్ దాటి మూసీ వైపు వెళితే ఉస్మానియా ఆస్పత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. రెండింటిలోనూ యూరాలజీ విభాగాలున్నాయి. ఆబిడ్స్, నాంపల్లి వీధుల్లో ప్రైవేటు ఆస్పత్రుల బోర్డులకు లెక్కే లేదు. ఇంత వైద్యం నడుమ ఉన్న మల్లేపల్లి, ఆగాపుర, ఆసిఫ్‌నగర్ బస్తీల బిడ్డకు కూడా అది అందకపోతే, అడ్డుపడింది దూరం కాదు. నేను చూసినంతలో అడ్డుపడేవి నాలుగు: డబ్బు, కాగితం, భాష, భయం.

డబ్బు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తెలంగాణలో కొనసాగుతోంది. కుటుంబానికి ఏడాదికి ఉన్న వైద్య పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి పది లక్షల రూపాయలకు పెంచారు. మూత్రపిండాల్లో రాళ్లకు సంబంధించిన చికిత్సలు ఆ పథకంలో ఉన్నాయి. కాబట్టి డబ్బు కట్టేముందు, నగలు తాకట్టు పెట్టేముందు, వడ్డీకి తెచ్చేముందు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవాలి. మీ బిడ్డకు చేయబోయే చికిత్స పేరు రాయించుకుని, అది పథకంలో ఉందో లేదో అడగాలి.

కాగితం సంగతి. అద్దె ఇళ్లు మారే కుటుంబాల్లో రేషన్ కార్డులో బిడ్డ పేరు ఉండదు, ఆధార్‌లో పేరు ఒక తీరు, జనన ధ్రువపత్రంలో మరొక తీరు ఉంటుంది. 'మొహమ్మద్' అన్న ఒక్క పేరే మూడు కాగితాల్లో మూడు విధాలుగా ఉంటే కౌంటరు దగ్గర బిడ్డ చికిత్స ఆగుతుంది. ఈ దిద్దుబాటును జబ్బు రాకముందే చేయించుకోవాలి. యువజన సంఘాలు, మసీదు కమిటీలు చేయగల గొప్ప సేవ ఇది. అత్యవసర స్థితిలో మాత్రం కాగితం కోసం వైద్యం ఆగరాదు. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని, ప్రభుత్వ ఆస్పత్రుల విషయంలో సుప్రీంకోర్టు 1996లోనే తీర్పునిచ్చింది.

భాష సంగతి. అంగీకార పత్రంపై సంతకం పెట్టించుకోవడం వేరు, అంగీకారం పొందడం వేరు. చికిత్స ఏమిటి, ప్రత్యామ్నాయాలేమిటి, ప్రమాదాలేమిటి అన్నది తగినంత వివరించినప్పుడే అంగీకారం చెల్లుతుందని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉర్దూ మాత్రమే చదవగలిగిన తల్లి చేత ఇంగ్లీషు కాగితంపై వేలిముద్ర వేయిస్తే అది వివరించినట్టవుతుందా? 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేసుకున్నాం. ఆ గౌరవం ఆఫీసు బోర్డుల దగ్గర ఆగిపోకూడదు. ఆపరేషన్ థియేటరు గుమ్మం దాకా రావాలి. తెలుగు మాత్రమే వచ్చిన పల్లె తల్లికి కూడా ఇదే హక్కు ఉంది.

భయం సంగతి. "మత్తులో కిడ్నీ తీసేసుకుంటారేమో" అన్న అనుమానం పేద బస్తీల్లో బలంగా ఉంది. అవయవాల అక్రమ వ్యాపారం గురించి పత్రికల్లో చదివిన సమాజానికి ఆ భయం రావడం వింతకాదు. దాన్ని ఎగతాళి చేసి పోగొట్టలేం. చికిత్సకు ముందు, తర్వాత తీసిన అల్ట్రాసౌండ్ రిపోర్టులను తల్లిదండ్రుల చేతికిచ్చి, రెండు మూత్రపిండాలూ ఉన్నాయని చూపిస్తే పోతుంది. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళే చెబుతోంది. రికార్డు మీది, అడగండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. రాయి తీసిన తర్వాత చాలామంది పిల్లలకు మూత్రనాళంలో 'డీజే స్టెంట్' అనే సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని ఉంచుతారు. వాపు తగ్గే దాకా మూత్రం సాఫీగా దిగడానికి అది తోడ్పడుతుంది. సాధారణంగా కొన్ని వారాల్లో దాన్ని తీసేయాలి. పిల్లల్లో అందుకు మళ్లీ కాసేపు మత్తు ఇవ్వాలి. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని కుటుంబం తిరిగి రాకపోతే, గొట్టం చుట్టూ కొత్త రాళ్లు పేరుకుంటాయి. రాయిని తీయడానికి చేసిన వైద్యమే కొత్త రాయికి పునాది అవుతుంది. "మా బిడ్డ లోపల గొట్టం పెట్టారా? ఏ తారీకున తీస్తారు?" అని అడిగి, ఆ తారీకును ఇంటి క్యాలెండరులో రాసుకోండి. డిశ్చార్జి కాగితంపై ఆ తారీకును పెద్ద అక్షరాలతో, బిడ్డ తల్లి చదవగల భాషలో రాయడం ఆస్పత్రి బాధ్యత.

బడి గంట, నీటి గంట

వైద్యం కంటే ముందుది నివారణ. బడిలో మరుగుదొడ్డి బాగుండదని ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. ఇది ప్రతి ఉపాధ్యాయురాలికీ తెలిసిన రహస్యం. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో సురక్షితమైన తాగునీరు, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని చెప్పింది. మదర్సాలు ఆ చట్టం పరిధిలో లేకపోయినా పిల్లల మూత్రపిండాలకు ఆ తేడా తెలియదు. నిర్వాహకులు తమంతట తామే ఆ ప్రమాణాన్ని పాటించాలి. కేరళ బడుల్లో 2019లో, పిల్లలు నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతిని ప్రవేశపెట్టారు. మన మైనారిటీ గురుకులాల్లో, మదర్సాల్లో, ప్రభుత్వ బడుల్లో ఆ గంట మోగించడానికి బడ్జెట్ అక్కరలేదు.

మనం కోరవలసినవి

ముస్లింల స్థితిగతులపై 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాల్లో వైద్య సదుపాయాల కొరతను ఎత్తిచూపింది. మనం చదువు, ఉద్యోగాల అధ్యాయాలను చర్చించినంతగా ఆరోగ్యాన్ని చర్చించలేదు. మనకు దగ్గరలోనే గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. గోడలు లేచిన తర్వాత అడిగితే గది దొరకదు. ఇప్పుడే అడగాలి.

కొత్త ఉస్మానియాలో, నీలోఫర్‌లో పిల్లల కొలత దుర్భిణులు, లేజర్, పిల్లల మత్తు నిపుణులతో కూడిన మూత్రపిండ చికిత్స ఏర్పాటు ఉండాలి. తీసిన ప్రతి రాయినీ ఉచితంగా పరీక్షించి, కారణాన్ని కుటుంబానికి చెప్పాలి. అంగీకార పత్రాలు తెలుగులో, ఉర్దూలో ఉండాలి. స్టెంట్ పెట్టిన ప్రతి బిడ్డ పేరు ఒక రిజిస్టరులో ఉండి, తారీకు దాటితే ఆస్పత్రే ఫోన్ చేయాలి. నాంపల్లి హజ్ హౌస్‌లో రోగుల కోసం ఒక సహాయ కేంద్రం పెట్టి, ఆరోగ్యశ్రీ కాగితాలు నింపడంలో తోడ్పడాలి. ఈ ఐదింటిలో ముస్లిం పిల్లలకు మాత్రమే పనికివచ్చేది ఒక్కటి కూడా లేదు. మైనారిటీ హక్కుల ఉద్యమం గెలుచుకున్న ప్రతి మంచి పని పక్కింటివారికి కూడా నీడనిస్తుంది.

తల్లిదండ్రులకు చివరగా ఒక మనవి. బిడ్డకు కడుపునొప్పి తిరిగి తిరిగి వస్తే స్కాన్ చేయించండి. రాయి ఉందంటే బెదరవద్దు, ఆలస్యం చేయవద్దు. పరికరం కొలత అడగండి, మత్తు డాక్టరు గురించి అడగండి, పథకం గురించి అడగండి, గొట్టం తారీకు అడగండి, రాయిని పరీక్షకు పంపమని అడగండి. అడిగే తల్లిని చూసి విసుక్కునే ఆస్పత్రి ఉండవచ్చు. కానీ పదిమంది తల్లులు అడిగిన చోట పదకొండో తల్లికి అడగకుండానే జవాబు దొరుకుతుంది.